సరైన జవాబు బి

పదేళ్లుగా నేను బతుకుతున్నది ఒక్క మాట మీద. "శిక్షణ తయారు చేసే ముందు, నేర్చుకునేవాళ్లెవరో తెలుసుకోండి." ఈ మాటని నీలం రంగు స్లైడు మీద తెల్లటి అక్షరాలతో రాసుకుని, డాలస్ చుట్టుపక్కల ఎన్ని కాన్ఫరెన్స్ గదుల్లో చూపించానో నాకే లెక్కలేదు. చూపించాక ఒక్క క్షణం ఆగుతాను. ఆ ఆగడం కూడా అద్దం ముందు ప్రాక్టీసు చేసిందే. ఎదురుగా ఉన్న మేనేజర్లు గంగిరెద్దుల్లా తలలూపుతారు. ఒకరిద్దరు ఫోన్లో ఫొటో తీసుకుంటారు. తర్వాత అందరం లంచ్‌కి వెళ్లిపోతాం.

కంపెనీల్లో ఉద్యోగులకి ఆన్‌లైన్ పాఠాలు తయారు చేయడం నా పని. మంటలొస్తే ఏ తలుపులోంచి పరిగెత్తాలి, పాస్‌వర్డ్ ఎవరికీ ఎందుకు చెప్పకూడదు, పక్క సీటువాళ్లతో మర్యాదగా ఎలా మాట్లాడాలి లాంటివి. డాలస్ శివారు ఫ్రిస్కోలో మా వీధి వీధంతా సాఫ్ట్‌వేర్ వాళ్లే కాబట్టి నా సరుకు ఎలా వాడతారో నాకు బాగా తెలుసు. మా ఆయన ఏటా చేయాల్సిన సెక్యూరిటీ ట్రైనింగ్‌ని సౌండు తీసేసి, ఒక చేత్తో ఉప్మా తింటూ, రెండో చేత్తో నెక్స్ట్ నొక్కుతూ ముగిస్తాడు. చివర్లో వచ్చిన సర్టిఫికెట్‌ని నా మొహం ముందు పెట్టి, "మీవాళ్లు బానే నేర్పారోయ్" అంటాడు. నేనూ నవ్వుతాను గానీ లోపల ఒళ్లు మండుతుంది.

రెండేళ్ల కిందట మా కంపెనీకి ఒక ఫ్రోజెన్ ఫుడ్ ప్లాంటు పని వచ్చింది. ఇండియన్ స్టోర్లో ఫ్రీజర్ తలుపు తీస్తే కనిపించే గుత్తి వంకాయ, గోంగూర పప్పు, పనీర్ కూర అక్కడ వండి ప్యాక్ చేస్తారు. మా ఇంటికి ముప్పావుగంట డ్రైవ్. యజమానులు మనవాళ్లు, మేనేజరు మనవాడు, వంట లైన్లో పనిచేసే ఆడవాళ్లందరూ మనవాళ్లే. పిల్లలు గ్రీన్ కార్డు చేయిస్తే వచ్చినవాళ్లు కొందరు, భర్త వీసా మీద వచ్చి వర్క్ పర్మిట్ తెచ్చుకున్నవాళ్లు కొందరు.

వాళ్లకొచ్చిన కష్టమేమిటంటే, జీడిపప్పు లేదని డబ్బా మీద రాసిన పనీర్ కూరలో జీడిపప్పు ఉన్నట్టు పరీక్షలో తేలింది. ఇక్కడ అది చిన్న విషయం కాదు. జీడిపప్పు, బాదం లాంటి పప్పులు పడని పిల్లలు బడికి ఒకరుంటారు, ఒక్క ముద్దకే ఊపిరాడక ఆస్పత్రి పాలవుతారు. అదృష్టం బావుండి ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఆ డబ్బాలన్నిటినీ స్టోర్ల నుంచి వెనక్కి తెప్పించాల్సి వచ్చింది. యజమానులు కూర్చుని ఆలోచించి, లైన్లో ఆడవాళ్లకి అలెర్జీ అంటే ఏంటో తెలియదని తీర్మానించారు. తెలుగులో ట్రైనింగ్ కావాలన్నారు. చివర్లో పరీక్ష. మూడుసార్లు తప్పితే లైన్లోంచి తీసేసి, వారానికి రెండ్రోజులే పనుండే అట్టపెట్టెల సెక్షన్‌కి పంపిస్తామన్నారు. ఆ నిబంధన నాకు తెగ నచ్చింది. పరీక్షకి విలువ పెరుగుతుందని నేనే వాళ్లని మెచ్చుకున్నాను కూడా.

మేనేజరు పాపం మర్యాదస్థుడు. "ఒకరోజు వచ్చి మా ఆంటీలతో మాట్లాడి చూస్తారాండీ? లంచ్ కూడా ఇక్కడే చేసేయొచ్చు" అన్నాడు.

"అక్కర్లేదండీ. మనవాళ్లే కదా, నాకు తెలీదా?" అన్నాను.

అంతకుముందు నెలలోనే టైర్లు మార్చే షాపు మెకానిక్కుల కోసం పాఠం చేశాను. అందరూ టెక్సస్ కుర్రాళ్లు. వాళ్ల పక్కన మూడు రోజులు నిలబడ్డాను. బ్రేక్‌లో ఏం తాగుతారు, పాఠం ఫోన్లో చూస్తారా, చేతికి గ్రీజుంటే స్క్రీన్ ఎలా నొక్కుతారు, అన్నీ నోట్సు రాసుకున్నాను. వాళ్లు పరాయివాళ్లు కదా, తెలుసుకోవాలి. మనవాళ్లయితే పుట్టుకతోనే తెలిసిపోతారన్నది అప్పటి నా సిద్ధాంతం.

మా వృత్తిలో పాఠం మొదలుపెట్టే ముందు ఒక ఊహామనిషిని తయారు చేస్తాం. నేర్చుకునేవాళ్లు ఇలా ఉంటారని ఒక ఫొటో, నాలుగు ముక్కలు. దాన్ని చూస్తూ పాఠం రాస్తాం. నా ఊహామనిషిని మా వంటింట్లో, స్టూలు మీద కూర్చుని, ఎదురుగా చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అత్తయ్యని చూస్తూ పావుగంటలో రాసేశాను. అరవై ఏళ్ల తెలుగు మహిళ. ఇంగ్లీషు రాదు. ఫోనంటే భయం. సీరియల్స్ ఇష్టం. ఏదైనా నిదానంగా, ఓపికగా చెప్పాలి.

అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని ల్యాప్‌టాప్‌లోకి తొంగి చూసింది.

"ఇదెవరే?"

"ఎవరూ కాదత్తయ్యా. ఊరికే ఊహించి రాసింది."

"నేనేగా. ఫోనంటే భయం నాకెక్కడిదే? మొన్న నీ కారు ఇన్సూరెన్స్ కార్డు ఎక్కడ దాచావో నీ ఫోన్లో వెతికిపెట్టిందెవరు?" అంది. తర్వాత పాఠం మొదటి పేజీ చదివి మూతి తిప్పింది. "జీడిపప్పంటే ఏంటో నాకు బొమ్మ గీసి చెప్తున్నావా తల్లీ!"

ఆవిడకి ఆధునిక బోధనా పద్ధతులు తెలియవని సరిపెట్టుకున్నాను.

పాఠం చాలా అందంగా వచ్చింది. ఆకుపచ్చ చీర, కొప్పు, కొప్పులో మల్లెపూలు ఉన్న ఒక బొమ్మావిడ తెర మీదికి వచ్చి దణ్ణం పెడుతుంది. "నమస్కారం. ఈ రోజు మనం అలెర్జీ కారక పదార్థముల గురించి తెలుసుకుందాం" అంటుంది. తర్వాత తెరనిండా ఒక జీడిపప్పు, దానికి ఎర్ర బాణం గుర్తు, "ఇది జీడిపప్పు." రోజూ బస్తాలకి బస్తాలు రుబ్బే మనుషులకి నేను చెప్పిన మొదటి సంగతి ఇది. ఆ తర్వాత చేతులు కడుక్కోవడం ఎలాగో ఆరు నిమిషాలు చెప్పాను.

చివర్లో ఇరవై బిట్లు. బిట్లు లేకుండా నాకు చదువు ఊహకందదు. విజయవాడలో కోచింగ్ హాస్టల్లో రెండేళ్లు బిట్లు తిని, బిట్లు కలవరించి ఇంజినీరింగ్ సీటు తెచ్చుకున్నదాన్ని. నాలుగు జవాబులిచ్చి ఒకదానికి టిక్కు పెట్టమంటే మనిషి బుర్రలో ఏముందో బయటపడుతుందని గట్టి నమ్మకం. తప్పు జవాబుల్లో కూడా ఒకటి మరీ తెలివితక్కువగా పెట్టడం నాకు సరదా. ఒక ప్రశ్న ఇలా ఉంటుంది. గ్రేవీ రెసిపీ కార్డులో చెప్పినట్టు రాకుండా పల్చగా వచ్చింది, మీరేం చేస్తారు? ఎ, కూరంతా పారబోస్తాను. బి, లైనును నిలిపివేసి పర్యవేక్షకునికి తెలియజేస్తాను. సి, చేతికి అందిందేదో కలిపి చిక్కబరుస్తాను. డి, ఇంటికి వెళ్లిపోతాను. సి, డి రాస్తున్నప్పుడు నాలో నేనే నవ్వుకున్నాను.

ఫలితాలు నా కంప్యూటర్‌కి వచ్చాయి. మొదటిరోజు ఇద్దరు రాశారు, గంట పైన పట్టింది, అత్తెసరు మార్కులు. రెండో రోజు మిగతావాళ్లంతా రాశారు. ఒక్కరికి తప్ప అందరికీ వందకి వంద. ఒక్కొక్కరికీ పట్టిన సమయం నాలుగు నిమిషాలు. పాఠం నిడివే ముప్పై అయిదు నిమిషాలు. నాకు అనుమానం రాలేదని చెప్పను, వచ్చింది. కోచింగ్ హాస్టల్లో పెరిగినదాన్ని, ఈ విద్య నాకు తెలియనిదా? కానీ గ్రాఫ్ నిటారుగా, పచ్చగా, చూడముచ్చటగా ఉంది. దాన్ని స్లైడ్‌లో పెట్టి యజమానులకి చూపించాను. వాళ్లు చప్పట్లు కొట్టారు.

ఆ పచ్చటి గ్రాఫ్‌లో ఒక్క ఎర్ర చుక్క ఉండిపోయింది. ఒకావిడ తప్పింది. వారం తర్వాత మళ్లీ రాసి మళ్లీ తప్పింది. మేనేజరు ఫోన్ చేశాడు.

"మంచి వర్కరండీ. నాలుగేళ్ల నుంచి ఉంది. మూడోసారి కూడా ఫెయిల్ అయితే నేనేం చేయలేను, ఓనర్లు రాసిచ్చేశారు. మీరొకసారి వచ్చి పక్కన కూర్చుంటారా?"

అలా, పాఠం అంతా అయిపోయాక, నేర్చుకునేవాళ్లని చూడ్డానికి మొదటిసారి వెళ్లాను.

బ్రేక్ రూమ్‌లో ఆవిడ తెల్లకోటు, తలకి వల టోపీతో, ముందు ట్యాబ్లెట్ పెట్టుకుని కూర్చుని ఉంది. అరవైకి దగ్గర వయసు. వరంగల్‌లో ఆడపిల్లల హాస్టల్లో ఇరవై ఏళ్లు వంట చూసిన మనిషి. ఇక్కడికొచ్చిన కొత్తలో కొడుకు దగ్గర ఉండి, ఈ పని దొరికాక ప్లాంటు వెనకే ఒక సింగిల్ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్ తీసుకుని భర్తతో కలిసి వేరే ఉంటోంది. కారు నడపడం రాదు, నడిచి పనికొస్తుంది.

"కొడుకు మంచోడే, కోడలు గూడ మంచిదే బిడ్డా. అయినా గా ఇంట్ల నా గిన్నె యాడ పెట్టుకోవాల్నో నాకు ఎర్కలేకుండె. ఇప్పుడు నా గిన్నెలు నా గూట్లె ఉన్నయి. అట్టపెట్టెలకు పంపిస్తే కిరాయి ఎల్లది. మల్ల ఆడికే పోవాలె" అంది.

గొంతులో ఏడుపేమీ లేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. నేను మెచ్చుకున్న నిబంధన ఎవరి మీద పడుతుందో అప్పుడు కళ్లెదుట కనిపించింది. సిగ్గేసింది.

ఆవిడ తప్పిన ప్రశ్నలు తీసి చూశాను. గ్రేవీ ప్రశ్నకి రెండుసార్లూ సి. టబ్బు మీద పేరు లేకపోతే ఏం చేస్తారంటే, వాసన చూసి కనుక్కుంటాను. గ్లవ్స్ మార్చుకునే సమయం లేకపోతే, ఆప్రాన్‌కి తుడుచుకుంటాను. నేను సరదాకి పెట్టిన తెలివితక్కువ జవాబులన్నీ ఏరి ఏరి టిక్కు పెట్టింది.

నా బొమ్మావిడ గొంతుతోనే, నిదానంగా, ఓపికగా మొదలుపెట్టాను. "ఆంటీ, ఇక్కడ సరైన జవాబు..."

"బి. నాకు ఎర్కనే" అంది.

జేబులోంచి ఫోన్ తీసి చూపించింది. లైన్లో ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపు. అందులో రూళ్ల కాగితం మీద చక్కటి చేతిరాతతో ఒకటి నుంచి ఇరవై దాకా జవాబులు. మొదటిరోజు రాసిన ఇద్దరూ ఏది ఒప్పో ఏది తప్పో గుర్తుపెట్టుకుని కాగితం మీదికెక్కించారు. మా హాస్టల్లో కూడా ఇంత శ్రద్ధగా చేసేవాళ్లం కాదు.

"మరి మీరెందుకు చూసి రాయలేదు ఆంటీ?"

"నువ్వే అడిగితివి గదా, మీరేం చేస్తారు అని. నేను జేసేది జెప్పిన." ట్యాబ్లెట్ నా వైపు తిప్పింది. "నాల్గేండ్లసంది ఈడ ఉన్న. ఏం జేస్తున్నవ్, ఎట్ల జేస్తున్నవ్ అని ఒక్కలన్న అడగలె. గీ పరీక్షల అడిగిన్రు. అందుకే అన్ని సద్వి, మంచిగ ఆలోచించి పెట్టిన."

జవాబుల కాగితం చేతిలో ఉండి కూడా నా పాఠాన్ని చదివిన ఒకే ఒక్క మనిషి తప్పింది.

అప్పుడు అడిగాను. రెండు నెలల ముందు అడగాల్సినవి. గ్రేవీ పల్చనైతే లైను ఎందుకు ఆపరు?

"ఆపేటందుకు ఎర్ర బటన్ ఉన్నది. కిందటేడు ఒక్కపారి ఒత్తిన. సారు ఉరికొచ్చిండు. ట్రక్కు పోయే టైమైందని అందరి ముంగట నోటికొచ్చినట్టు అన్నడు. ఇగ ఎవరొత్తుతరు?" గోడ మీదికి చెయ్యి చూపించింది. పెద్ద పోస్టరు. 'ఇంట్లో వండినట్టే వండండి.' "ఇంట్ల కూర పల్సనైతే నువ్వేం జేస్తవ్? సుట్టాలొచ్చి కూసున్నరు. ఇంత కాజు ముద్ద కలుపుతవా, లేదా?"

కలుపుతాను. ఎన్నిసార్లు కలిపానో.

"ఆ రోజు పనీర్ కూరలో..."

"నేనే కలిపిన. టమాటలు నీళ్లు నీళ్లున్నయి. ఎవరన్న అడిగితే అప్పుడే చెప్తుంటి. అడగలె. బొమ్మల పాఠం పెట్టిన్రు."

"కాజు పడని పిల్లలుంటారు కదా ఆంటీ?"

"తెల్వకేం? నా మనుమడి క్లాసుల ఒక పోరడున్నడు. కని గీ కూర డబ్బా మీద ఏం రాస్తరో మాకెట్ల ఎర్క? వండి అటు పంపుతం. ప్యాకింగ్ అవతలి బిల్డింగుల. డబ్బా మొకం మేమెన్నడు సూడలె."

సంగతి ఇంతే. వాళ్లకి జీడిపప్పు తెలుసు, అలెర్జీ తెలుసు, ఊపిరాడని పిల్లల సంగతీ తెలుసు. ఏ కూరకి ఏ లేబుల్ అంటిస్తారో మాత్రం తెలియదు. రెసిపీ కార్డు మీద పెద్ద అక్షరాలతో 'ఇందులో కాజు వెయ్యరాదు' అని ఒక్క ముక్క, బటన్ నొక్కితే తిట్టని మేనేజరు ఒకడు ఉంటే చాలు. ఒక మార్కర్ పెన్నుతో అయ్యే పని. దానికి నేను ఆకుపచ్చ చీర కట్టి, మల్లెపూలు పెట్టి, ముప్పై అయిదు నిమిషాల సినిమా తీశాను.

అద్దం తలుపు అవతల మేనేజరు వాచీ చూసుకుంటున్నాడు. వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పొచ్చు. చెబితే ఆ రోజు కలిపిందెవరన్న ప్రశ్న వస్తుంది. ఆవిడ దాచదు. అట్టపెట్టెలు కూడా కాదు, ఆ సాయంత్రానికే ఇంటికి పంపించేస్తారు. ఇదొక్కటే నన్ను ఆపిందని రాసుకుంటే బావుండేది. కానీ ఆ ప్లాంటు వాళ్లే రెండో పాఠం కూడా మాకే ఇస్తామన్నారు. పాఠం దండగ అని నా నోటితో నేనే ఎలా చెప్పుకుంటాను?

"ఆంటీ, బి టిక్కు పెట్టెయ్యండి" అన్నాను.

"పెడితే?"

"పాసవుతారు. మీ గిన్నెలు మీ గూట్లోనే ఉంటాయి."

"మరి జేసేది?"

"అది తర్వాత చూద్దాం."

ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత ఫోన్ పక్కన పెట్టుకుని, వాట్సాప్ చూస్తూ, ఒకటి నుంచి ఇరవై దాకా టకటకా టిక్కులు పెట్టింది. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. బొమ్మావిడ చప్పట్లు కొట్టింది, తెరనిండా పూలు రాలాయి. "గింతేనా?" అని లేచి, చేతులు కడుక్కుని లైన్లోకి వెళ్లిపోయింది. మేనేజరు లోపలికొచ్చి, "థాంక్సండీ, మీరు చెప్తే ఇట్టే అర్థమైపోయింది చూశారా" అన్నాడు.

మనస్సాక్షి కోసం నా రిపోర్టులో పద్నాలుగో పేజీలో ఒక వాక్యం రాశాను. రెసిపీ కార్డులపై లేబుల్ వివరాలు చేర్చే అవకాశాన్ని పరిశీలించవచ్చు. పద్నాలుగో పేజీ ఎవరూ చదవరని నాకు తెలుసు, నేను ఏ రిపోర్టునీ అంతదూరం చదివిన పాపాన పోలేదు. ఆ ఏడాది చివర మా కంపెనీ నాకు ఒక గాజు పలక బహూకరించింది. నేర్చుకునేవారిని కేంద్రంగా ఉంచి చేసిన కృషికట. అత్తయ్య దాన్ని వంటింట్లో కిటికీ పక్కన పెట్టి, ఆ వెనక కుండీలో కొత్తిమీర పెంచుతోంది.

ఈ ఏడు మా అమ్మాయి పుట్టినరోజుకి క్లాసు పిల్లల్ని పిలిచాం. వాళ్లలో ఒక పాపకి పప్పులు పడవు. వాళ్లమ్మ నాకు మూడుసార్లు మెసేజ్ పెట్టింది. ఇండియన్ స్టోర్లో ఫ్రీజర్ తలుపు తీసి, ఆ ప్లాంటు పనీర్ కూర డబ్బా చేతిలోకి తీసుకున్నాను. జీడిపప్పు లేదని రాసి ఉంది. ఆ లైన్లో అందరికీ వందకి వంద వచ్చిన సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? డబ్బా తిరిగి లోపల పెట్టేశాను.

పార్కింగ్ లాట్‌లోంచే మేనేజరుకి ఫోన్ చేశాను. కార్డుల మీద లేబుల్ రాయించారా అని అడిగితే, ఏ కార్డులండీ అన్నాడు. పద్నాలుగో పేజీ గుర్తు చేశాను. ఓనర్లకి పంపించానండీ అన్నాడు. ఒకరోజు ఫ్రీగా వస్తాను, స్లైడ్లేమీ తేను, లైన్లో నిలబడి ఆంటీలతో మాట్లాడతానంతే అన్నాను.

"ఎందుకండీ శ్రమ? అందరూ పాసయ్యారు కదా. గ్రాఫ్ మీరే చూపించారు. ఇంకా నేర్పడానికేముంది?"

కారులో కూర్చుని ఆ వరంగల్ ఆంటీకి చేశాను. కులాసాగానే ఉంది. లైన్లోనే ఉందట, అదే అపార్ట్‌మెంట్‌లో ఉందట, ఒకసారి భోజనానికి రమ్మంది. వస్తానన్నాను. ఆ తర్వాత గొంతు సవరించుకుని అడిగాను.

"ఆంటీ, గ్రేవీ పల్చగా వస్తే ఇప్పుడేం చేస్తున్నారు?"

అవతల ఎక్కడో పెద్ద గిన్నె దించిన మోత వినిపించింది. తర్వాత ఆవిడ, ఇన్నేళ్లు లైన్లో నిలబడి మాట్లాడిన తెలుగు కాదు, వరంగల్ తెలుగు కాదు, నేను రాసిన తెలుగులో, ఒక్కో మాటా విడివిడిగా పలికింది.

"లైనును నిలిపివేసి పర్యవేక్షకునికి తెలియజేస్తాను."

ఆ వెంటనే తన మాటలోకి వచ్చేసింది.

"సరిగ్గనే జెప్పిన్నా బిడ్డా?" అంది.